తీపులకు ఇంగ్లీషు మాట

ఆవిడని బడిలో పిల్లలు పదిసార్ల టీచరు అనేవారు. మొహం మీద కాదు, అంత గుండె ఎవరికీ లేదు. వెనకాల అనేవారు. స్పెల్లింగు తప్పితే పదిసార్లు రాయాలి, అందులో ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచీ పదిసార్లు. ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి, ఈ ఒక్క పద్ధతినే నమ్ముకున్న మనిషి. ఆవిడ దగ్గర చదివిన ఒకడు పెద్దవాడై, పెళ్ళాంబిడ్డలతో బస్సులో కనిపించి, "టీచర్, ఇప్పటికీ బికాజ్ అన్న మాట రాయాల్సొస్తే నాకు వేళ్ళు వణుకుతాయండీ" అన్నాడు. ఆవిడ దాన్ని పొగడ్తగానే తీసుకుని, ఇంటికొచ్చి అక్కకి చెప్పుకుని మురిసిపోయింది.

చెడ్డ మనిషి అనుకునేరు, కాదు. ఎవరి పిల్లకైనా పరీక్షల ముందు జ్వరమొస్తే వాళ్ళింటికెళ్ళి మంచం పక్కన కూర్చుని పాఠం చదివి వినిపించేది. కానీ మాట అనేది చేత్తో రాస్తేనే తలకెక్కుతుందని చిన్నప్పుడు ఆవిడకి ఎవరో చెప్పారు, ఆవిడకి అలాగే ఎక్కింది కూడా. తనకి ఎలా వచ్చిందో లోకానికంతా అలాగే వస్తుందనుకోవడం చదువుకున్నవాళ్ళకుండే జబ్బు. టీచర్లలో అది కాస్త ముదురుతుంది.

పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. మొదట కుదరలేదు, తర్వాత అక్కర్లేకపోయింది. అక్క ఉండేది. అక్క బట్టలు కుట్టేది. రెండు గదుల అద్దె ఇంట్లో, ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కనే దిద్దాల్సిన నోటుపుస్తకాల దొంతర. సాయంత్రాలు ఒకరు కుడుతూ ఒకరు దిద్దుతూ, మధ్యమధ్య ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటే నలభై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి. మూడేళ్ళ కిందట అక్క పోయింది. మరుసటి ఏడాది బడి కూడా అయిపోయింది. టీచరమ్మ మిషను మీద దుప్పటి కప్పి, ఏం చెయ్యాలో తోచక, బాగానే ఉన్న డిక్షనరీకి కొత్త అట్ట వేసింది. అది అయ్యాక మళ్ళీ ఏమీ తోచలేదు.

అలాంటప్పుడు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అక్కడి హెడ్ నర్సు ఒకప్పుడు ఈవిడ చేతికింద పదులు రాసిన పిల్లే.

"టీచర్, మా ఆయాలకీ వార్డు పనివాళ్ళకీ యాభై ఇంగ్లీషు మాటలు నేర్పాలండీ, మూడు నెలల్లో. మీరైతేనే అవుతుంది" అంది.

ఎందుకొచ్చిన అవసరం అని అడిగితే, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో ఆ పిల్ల కాళ్ళ తీపుల సంగతి చెప్పింది.

ఆడవాళ్ళ వార్డులో ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. కొత్తగా వచ్చిన డాక్టరుకి మన భాష రాదు. మాట అందించాల్సిన నర్సు భోజనానికి వెళ్ళింది. ఉన్నది పెద్దాయమ్మ. వార్డు ఆయాల్లో అందరికంటే పాత మనిషి గనక అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ముసలామె "కాళ్ళు తీపులమ్మా, రోజంతా తీపులే" అంది. పెద్దాయమ్మకి వచ్చిన ఇంగ్లీషు మాటలు గట్టిగా ఇరవై ఉండవు, కానీ వాటిలో స్వీటు ఒకటి. తీపంటే స్వీటే కదా. సాయం చేద్దామన్న తొందరలో ధైర్యంగా చెప్పేసింది: "లెగ్స్ స్వీట్, డాక్టర్. డే ఫుల్ స్వీట్."

డాక్టరుకి కాళ్ళ సంగతి అర్థం కాలేదు, స్వీటు మాత్రం అర్థమైంది. చక్కెర జబ్బనుకున్నాడు. మూడు రోజుల పాటు ముసలామె వేళ్ళకి సూదులు గుచ్చి రక్తం చూశారు, పంచదార లేని టీ తాగించారు. కాళ్ళ నొప్పులకి మాత్రం ఒక్క మాత్రా రాయలేదు. నాలుగో రోజున ఆమె కూతురొచ్చి గొడవ పెట్టుకుంటే గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆ మర్నాడే సూపరింటెండెంటు డాక్టరు గారు ఆర్డరు వేశారు. వార్డులో పనిచేసేవాళ్ళందరూ యాభై మాటలు నేర్చుకోవాలి, పరీక్ష పెడతారు, తప్పినవాళ్ళు కింద లాండ్రీకి వెళ్ళిపోవాలి.

లాండ్రీకి వెళ్తే జీతమేమీ తగ్గదు. కానీ అక్కడ మనుషులుండరు, దుప్పట్లుంటాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోగుల తలలు దువ్వి, గంజి తాగించి, పక్కకి తిప్పి పడుకోబెట్టిన మనిషిని తీసుకెళ్ళి దుప్పట్ల మధ్య పెడితే ఏమవుతుందో పెద్దాయమ్మకి తెలుసు. 

క్లాసు మధ్యాహ్నం రెండింటికి, కింది అంతస్తులో విరిగిన స్ట్రెచర్లు పెట్టే గదిలో. స్ట్రెచర్లు గోడకి జరిపి నాలుగు బల్లలు వేశారు. బ్లాక్‌బోర్డుకి స్టాండు లేకపోతే సెలైను స్టాండుకి కట్టారు, దానికి చక్రాలుండటంతో సుద్దముక్క కాస్త గట్టిగా నొక్కితే బోర్డు కిటికీ వైపు ప్రయాణం కట్టేది. పద్నాలుగు మంది విద్యార్థులు. అందులో లిఫ్టు నడిపే ఆయన ఒక్కడే మగవాడు, భారీ మనిషి, వెనక బల్ల మొత్తం ఆయనదే.

టీచరమ్మ మొదటిరోజు బోర్డు మీద పెయిన్ అని రాసింది. పక్కన నొప్పి అని రాసింది. "పదిసార్లు రాయండి" అంది.

రాశారు పాపం. పొద్దుటినుంచీ నీళ్ళలోనూ ఫినాయిల్లోనూ నానిన చేతులు. పెన్సిలు పట్టుకుంటే జారిపోతోంది. పెద్దాయమ్మ పదిసార్లు రాసేసరికి క్లాసు అయిపోయింది. ఆరోసారికి అందులో ఐ అన్న అక్షరం ఎటో పోయి, పెయిన్ కాస్తా పాన్ అయి కూర్చుంది. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసి ఐదింటికీ అడ్డగీతలు కొట్టింది. పెద్దాయమ్మ వాటికేసి చూసి, "ఇన్ని గాయాలు చేశారేంటి టీచరమ్మా" అంది. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

ఆ వారమే ఆఫీసువాళ్ళు ప్రశ్నపత్రం ముందుగానే తయారుచేసి ఇమ్మన్నారు. ఆవిడకి అదెంత పని? యాభై మాటలు, ఒక్కోదానికీ స్పెల్లింగు, అర్థం. ముప్పై అయిదు వస్తే పాసు. ఒక్క ఊపులో రాసి, కవరు అంటించి, మీద సంతకం పెట్టి ఇచ్చేసింది. అది సూపరింటెండెంటు గారి బీరువాలోకి వెళ్ళింది.

నెల గడిచింది. నోటుపుస్తకాలు నిండాయి, బుర్రల్లో ఏమీ నిలవలేదు. మధ్యాహ్నం నేర్చినవి సాయంత్రానికి గాలికి పోయేవి. ఒకరోజు పెద్దాయమ్మ క్లాసుకి రాలేదు. రెండోరోజూ రాలేదు. నాలుగు చివాట్లు పెడదామని టీచరమ్మ మెట్లెక్కి ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళింది. బడి అలవాటు, ఎగ్గొట్టినవాళ్ళని ఇంటికెళ్ళి మరీ పట్టుకోవడం.

తలుపు దగ్గరే ఆగిపోయింది. కొత్తగా చేరిన ఒకామె చేతికి కట్టుతో పడుకుని నొప్పి నొప్పి అని మూలుగుతోంది. పెద్దాయమ్మ మంచం అంచున కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుని ఉంది.

"నొప్పంటే ఎట్లాంటి నొప్పి తల్లీ? పోటా?" అంటూ చూపుడువేలితో గాలిలో పొడిచింది. ఆమె తల అడ్డంగా ఊపింది. "మంటా?" అంటూ అయిదు వేళ్ళూ పైకెత్తి అల్లాడించింది. కాదంది. "లాగుతోందా?" అని దారం లాగినట్టు చూపించింది. "పోనీ సలుపా?" అని పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచింది.

మంచం మీదామె కళ్ళనీళ్ళతోనే కట్టు లేని చెయ్యెత్తి పిడికిలి మూసి తెరిచింది.

"సలుపు. లోపల చీము పడుతోంది. ఉండు, నర్సమ్మని పిలుస్తా" అని లేచిన పెద్దాయమ్మకి ఎదురుగా టీచరమ్మ కనిపించింది. గతుక్కుమని, "రేపట్నుంచి వస్తానండీ, ఇద్దరు ఆయాలు సెలవు పెట్టారు, అందుకని..." అని నసిగింది.

టీచరమ్మ చివాట్లు పెట్టలేదు. "ఆ చెయ్యి మళ్ళీ ఒకసారి చూపించండి" అంది.

ఇంటికి నడిచిపోతూ దారంతా ఆలోచించింది. సలుపు, పోటు, మంట, తీపు, లాగుడు, తిమ్మిరి. వీటన్నిటినీ తీసుకెళ్ళి పెయిన్ అన్న ఒక్క మూటలో కట్టి ఇచ్చింది తను. పైగా అది పదిసార్లు రాయమంది. దీపాలు పెట్టేవేళకి డిక్షనరీ ముందేసుకుని కూర్చుంది. త్రాబింగ్ అన్న మాట దొరికినప్పుడు తనకు తెలియకుండానే పిడికిలి మూసి తెరిచింది. అవును, ఇదే. ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పింది గానీ ఈ మాటతో ఆవిడకి ఎన్నడూ పని పడలేదు, ఎవరి పాఠ్యపుస్తకంలోనూ ఎవరికీ ఏదీ సలపలేదు. అరవై ఒకటో ఏట ఒంటరిగా కూర్చుని చేతులు ఊపుకుంటూ మాటలు నేర్చుకుంటున్నందుకు సిగ్గేసింది. సిగ్గుకంటే సంతోషమే ఎక్కువైంది, ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిరిగింది.

మర్నాడు క్లాసులో పెన్సిళ్ళన్నీ ఒక డబ్బాలో వేయించి మూత పెట్టేసింది. రెండు బల్లలు దగ్గరికి జరిపి, లిఫ్టాయనతో "పడుకోండి" అంది.

"ఎక్కడండీ?"

"ఇక్కడే. మీరు రోగి. నేనొక చీటీ ఇస్తాను. నోరు తెరవకూడదు. ఒంటితో చూపించాలి. వీళ్ళు ఇంగ్లీషులో చెప్పాలి. ముందు చెప్పినవాళ్ళు తర్వాతి రోగి."

లిఫ్టాయన జీవితంలో ఇంతకంటే మంచి అవకాశం రాలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, కళ్ళు తేలేశాడు, చీటీలో క్రాంప్, అంటే కండరం పట్టెయ్యడం, అని మాత్రమే ఉంటే అరగంటలో మూడుసార్లు ప్రాణం విడిచాడు. "చచ్చిపోవడం మన యాభైలో లేదండీ, లేవండి" అని టీచరమ్మ అనాల్సొచ్చింది. నవ్వులు పై అంతస్తుకి వినిపించి హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. తన టీచరు నడుము పట్టుకుని నవ్వుతుండగా చూడటం ఆ పిల్లకి అదే మొదటిసారి, ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

చేతి గుర్తులన్నీ పెద్దాయమ్మవే, వాటికి మాటలు తగిలించడం టీచరమ్మ పని. వేలితో పొడిస్తే స్టాబింగ్. వేళ్ళు అల్లాడిస్తే బర్నింగ్. పిడికిలి మూసి తెరిస్తే త్రాబింగ్. హెడేక్ అందరికీ తెలిసిందే గనక దాని తోక కోసి ఏక్ అని ఇచ్చింది, అరచేత్తో మోకాలిని నెమ్మదిగా అదిమితే ఏక్. "అంటే కాళ్ళ తీపులు ఇదేనా?" అని పెద్దాయమ్మ అడిగింది. అవునంది టీచరమ్మ. "ఇంత చిన్న మాటకా ఆ ముసలామెకి అన్ని సూదులు గుచ్చారు" అని ఆవిడ చాలాసేపు దిగాలుగా కూర్చుంది. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడకి ఇంక చెప్పక్కర్లేకపోయింది.

క్లాసులో నేర్చింది వార్డులో పాచిపట్టకుండా ఉండాలని ఒక్కో మంచానికి ఒక్కో మాట కేటాయించారు. తుడుచుకుంటూ వెళ్ళేటప్పుడు మంచం దాటాలంటే ఆ మాట అనాలి. పెద్దాయమ్మ తడిగుడ్డ ముందుకి తోసినప్పుడు త్రాబ్ అనేది, వెనక్కి లాగినప్పుడు బింగ్ అనేది. ఏడో మంచం దగ్గర మాత్రం ఆవిడ బండి ఆగిపోయేది. కడుపులో తిప్పడానికి నాసియా అనాలి. ఆవిడ నోటికి అది రాదు. తిప్పడమంటే రొటేటింగ్ అని ఎప్పుడో ఎవరో చెప్పారు, అది వదలదు. "స్టమక్ రొటేటింగ్" అంటే లిఫ్టాయన, "ఫ్యానా అది?" అనేవాడు.

పరీక్ష పదిరోజుల్లో ఉందనగా టీచరమ్మకి అనుమానమొచ్చి, పెన్సిళ్ళ డబ్బా తెరిచి, రాతలో ఒక పరీక్ష పెట్టి చూసింది. తక్కినవాళ్ళు కిందా మీదా పడి గట్టెక్కేలాగే ఉన్నారు, చిన్నవయసు వాళ్ళు, నాలుగు తరగతులైనా చదివినవాళ్ళు. పెద్దాయమ్మకి యాభైకి నాలుగొచ్చాయి. నోటితో అడిగితే నలభై అయిదు చెప్పిన మనిషి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుని, టీచరమ్మ మొహం చూసి, ఆవిడే ఓదార్చింది.

"పోనీలెండి. లాండ్రీలో కూడా ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు. వాళ్ళకి నేర్పుతా. దుప్పటి ఉతుకుతూ త్రాబింగ్ అంటే బాగుంటుంది కూడా."

 తప్పు ఎవరిదో టీచరమ్మకి తెలుసు. బీరువాలో ఉన్న ఆ కవరు మీద ఉన్నది తన సంతకమే.

వెళ్ళి అడగొచ్చు. కానీ అడగడమంటే, నేను రాసిన పేపరు పనికిరాదు అని చెప్పడం. పేపరు పనికిరాదంటే పద్ధతి పనికిరాదని. పద్ధతి పనికిరాదంటే, ఆ ముప్పై రెండేళ్ళలో వెనక బల్లల మీద వేళ్ళు నొప్పెట్టేలా రాసి, రాసి, చివరికి చదువు మానేసి వెళ్ళిపోయిన పిల్లల మొహాలు వరసగా వచ్చి నిలబడతాయి. వచ్చాయి కూడా. రెండు రోజులు ఆవిడకి అన్నం సయించలేదు. మూడోరోజు ఉతికిన బట్టలు కట్టుకుని సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది.

ఆయన వేరే భాష మనిషి, వాళ్ళిద్దరి మాటలూ ఇంగ్లీషులోనే సాగాయి. "పేపరు మార్చాలండీ. అది తప్పు" అంది.

"ఎవరు రాశారు?" అన్నాడాయన బీరువా వైపు చూస్తూ.

"నేనే."

"ఏం తప్పుంది అందులో?"

"అది రాయడం వచ్చినవాళ్ళని పట్టుకుంటుంది. మీకు కావలసింది నొప్పి తెలిసినవాళ్ళు" అంది. తడబడలేదు. ఈ వాక్యాన్ని దారిలో చాలాసార్లు అనుకుంటూ వచ్చింది, పదిసార్ల అలవాటు అంత తేలిగ్గా పోదు మరి.

ఆయన కటువైన మనిషే గానీ మూర్ఖుడు కాదు. కాసేపు ఆలోచించి కొత్త ఏర్పాటు చెప్పాడు. చీటీలు తనే రాస్తాడు. రోగిగా టీచరమ్మే కూర్చోవాలి. చీటీలో ఉన్న ఇంగ్లీషు మాట చూసుకుని, మామూలు రోగి చెప్పినట్టు తన భాషలో చెప్పాలి. అది విని ఆయా ఆయనకి ఇంగ్లీషులో చెప్పాలి. మనిషికి తొమ్మిది చీటీలు. పదోది ఖాళీ చీటీ. దానికి టీచరమ్మ యాభైలో లేని బాధ ఏదైనా చెప్పాలి. "వార్డులో రోగులు మీ జాబితా చదువుకుని రారు కదా" అన్నాడు. పదికి ఎనిమిదొస్తే పాసు.

పరీక్ష రోజున స్ట్రెచర్ల గదిలో సూపరింటెండెంటు గారు కుర్చీలో, హెడ్ నర్సు పక్కన నిలబడి, టీచరమ్మ బల్ల మీద. పొద్దుటినుంచీ ఆవిడకి మంటలు పుట్టాయి, తిమ్మిర్లెక్కాయి, తల తిరిగింది. లిఫ్టాయన వంతుకి ఖాళీ చీటీ వచ్చినప్పుడు ముక్కు దిబ్బడ అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నోస్ డోర్ క్లోజ్డ్, సార్. టూ డోర్స్" అన్నాడు. సూపరింటెండెంటు గారు మొదటిసారి నవ్వి మార్కు వేశారు. ఒకరొకరే గట్టెక్కారు. అందరికంటే చివర పెద్దాయమ్మ వచ్చింది. కోటు ఉతికి వేసుకుంది, తల నున్నగా దువ్వుకుంది.

మొదటి నాలుగూ టకటకా చెప్పేసింది. అయిదోది నాసియా. టీచరమ్మ కడుపు పట్టుకుని, "తిప్పుతోందమ్మా, వాంతొచ్చేలా ఉంది" అంది. పెద్దాయమ్మ కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలాయి, చివరికి నోట్లోంచి రొటేటింగే వచ్చింది. ఆయన అడ్డగీత కొట్టాడు. ఆ గీత చప్పుడు టీచరమ్మకి వినిపించింది. ఆరు, ఏడు దాటాయి. ఎనిమిదోది దురద, ఇచింగ్ అనాల్సింది కంగారులో బర్నింగ్ అనేసింది. మళ్ళీ గీత. తొమ్మిదోది మొద్దుబారడం, నంబ్ అంది, సరిపోయింది. తొమ్మిదికి ఏడు. పదోది తప్పితే లాండ్రీ.

టీచరమ్మ ఖాళీ చీటీ విప్పింది. పెద్దాయమ్మ కోసం ఆవిడ ఒకటి ముందే అనుకుని పెట్టుకుంది, గొంతులో గరగర. గొంతు పట్టుకుని దగ్గితే చాలు, త్రోట్ అన్న మాట పెద్దాయమ్మకి వచ్చు, ఎలాగోలా గడుస్తుంది. మోసం కాదు, రూలు ప్రకారమే. గొంతు సవరించుకుంది కూడా.

కానీ పెద్దాయమ్మకి అప్పటికి పరీక్ష అన్న సంగతే గుర్తులేనట్టుంది. తొమ్మిది చీటీలు నిలబడే చెప్పిన మనిషి వచ్చి బల్ల అంచున కూర్చుంది. వార్డులో అందరికీ చేసినట్టే టీచరమ్మ మణికట్టు పట్టుకుంది. మొహంలోకి చూసింది.

"ఎక్కడమ్మా?" అంది.

పొద్దుటినుంచీ పద్నాలుగు మంది ముందు నూట ముప్పై తొమ్మిది బాధలు నటించిన మనిషి ఆ చెయ్యి తగలగానే నటించలేకపోయింది. ఆవిణ్ణి అలా పట్టుకుని ఎవరైనా ఒక మాట అడిగి మూడేళ్ళయింది.

"ఇక్కడ" అంది గుండె మీద చెయ్యి వేసుకుని. "నొప్పి కాదు. వెలితిగా ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తీసినప్పుడు. మా అక్క పోయిన దగ్గర్నుంచీ, మూడేళ్ళుగా."

అనేశాక భయం వేసింది. ఇదేం పని చేశాను, వెలితికి ఇంగ్లీషులో ఏమంటారో నాకే తెలీదే, ఈ పిచ్చితల్లి ఎక్కణ్ణుంచి తెస్తుంది, నా చేతులారా లాండ్రీకి తోసేశానే అనుకుంది. హెడ్ నర్సు కిటికీ వైపు తిరిగింది. భాష తెలియని సూపరింటెండెంటు గారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

పెద్దాయమ్మ తొందరపడలేదు. ఈ బాధకి ఆవిడ దగ్గర చేతి గుర్తు లేదు. రోజూ పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఆవిడ నర్సుతో కలిసి వార్డంతా తిరుగుతుంది. రాత్రికి రాత్రి ఎవరైనా వెళ్ళిపోయిన మంచం వస్తే, ఇంటికే వెళ్ళారో, ఇంకెక్కడికి వెళ్ళారో, దుప్పటి మీద చెయ్యి వేసి ఒక మాట అంటుంది, నర్సు రాసుకుంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అంటున్న మాట. అది ఇంగ్లీషని కూడా ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు.

చెయ్యి చాపి టీచరమ్మ గుండె మీద పరిచింది.

"ఎంప్టీ, డాక్టర్" అంది. "హియర్ ఎంప్టీ. ఈవెనింగ్ కమింగ్, డోర్ ఓపెన్, ఎంప్టీ. సిస్టర్ నో. త్రీ ఇయర్స్."

సూపరింటెండెంటు గారు పెన్ను కాగితం మీద ఆనించి, రోగి చెప్పిందేమిటో తెలియనివాడు గనక, టీచరమ్మ వైపు తిరిగి, "ఈజ్ ఇట్ కరెక్ట్?" అని అడిగాడు.

క్రియ లేదు, కాలం లేదు, ఒక్క మాటా ఉండాల్సిన చోట లేదు. బడిలో అయితే ఆ వాక్యం ఎర్రసిరాలో మునిగిపోయేది. టీచరమ్మ కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు.

"కరెక్ట్, సార్" అంది. "నాకు ఇన్నాళ్ళూ ఆ మాట తెలీదు."

ఆయన ఎనిమిది అని వేసి, కింద గీత గీసి, సంతకం పెట్టాడు. హెడ్ నర్సు "పెద్దాయమ్మా, పాసయ్యావు" అంది. పెద్దాయమ్మ విన్నట్టు లేదు, టీచరమ్మ గుండె మీద వేసిన చెయ్యి ఇంకా తియ్యలేదు.